ఎన్ని గేట్లు మూశావురా?

కీబోర్డు మీద ఒకటి అంకెకి ఎడమపక్కన ఒక మీట ఉంటుంది. చాలామంది దాన్ని ఎప్పుడూ నొక్కి ఉండరు. నాకు మాత్రం పదిహేనో ఏట నుంచీ దానితో పరిచయం. 2009 వేసవి సెలవుల్లో గుంటూరులో పెద్దనాన్నగారింట్లో, అందరూ డాబా మీద నిద్రపోయాక, నేనొక్కణ్ణే కిందికి దిగొచ్చి అన్నయ్య కంప్యూటర్ ఆన్ చేసేవాణ్ణి. ఆట మొదలయ్యాక ఆ మీట నొక్కితే ప్రపంచం మొత్తం ఉన్నచోటే ఆగిపోయేది. గాల్లో ఉన్న బాణం గాల్లోనే ఉండిపోయేది. తెర మీద చిన్న గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ, ఏం కావాలో కోరుకోమన్నట్టు ఎదురుచూసేది. నేను మూడక్షరాలు కొట్టేవాణ్ణి: టీ, జీ, ఎం. టాగుల్ గాడ్ మోడ్. ఇక నాకు చావు లేదు.

ఆ ఆట పేరు 'ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్'. అన్నయ్య అప్పటికి నాలుగు నెలలుగా దాన్ని నిజాయితీగా ఆడుతున్నాడు. ఆ కథలో దేశం నిండా నరకానికి దారులు తెరుచుకుంటాయి. ఎర్రగా మండే ఆ ద్వారాలనే గేట్లంటారు. ఒక్కో దాంట్లోకి వెళ్ళి, చివరి బురుజు ఎక్కి, పైనున్న రాయి పీక్కొస్తే ఆ గేటు మూసుకుపోతుంది. ఒకరోజు పొద్దున టిఫిన్ దగ్గర అన్నయ్య అడిగాడు, "ఎన్ని గేట్లు మూశావురా?" అని. "నలభై" అన్నాను. అన్నయ్య ఇడ్లీ తుంచడం ఆపి నా వైపు చూశాడు. "నలభయ్యా!" అన్నాడు. ఆ చూపులో ఉన్న మెచ్చుకోలుని చాలా ఏళ్ళు దాచుకున్నాను.

నేను మూసింది ఆరు.

*

2025 ఏప్రిల్ 22న ఆబ్లివియన్ రీమాస్టర్ వచ్చింది. ముందస్తు హడావుడి ఏమీ లేదు. ఆ రోజే ప్రకటించారు, ఆ రోజే అమ్మకానికి పెట్టారు. మొదటి ఆటని 2006లో చేసిన బెథెస్డా, ఈసారి పనిని వర్చువోస్ అనే సంస్థతో కలిసి చేసింది. నేను ఆ రాత్రే కొన్నాను. పాత ఆటని కొత్త వెలుగులో చూడాలన్నది ఒక కారణం. రెండోది, ఇంత వయసొచ్చాక చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది గానీ, ఆ నలభై గేట్ల బాకీ తీర్చేద్దామని. ఈసారి ఆ మీట జోలికి పోను, అన్నయ్యలాగే ఆడతాను అనుకున్నాను.

ఆ ఒట్టు పదకొండు రాత్రులు నిలబడింది.

ఆడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. మీరొక ఖైదీ. ఎందుకు జైల్లో ఉన్నారో ఆట చెప్పదు. మీ గదిలోంచి ఒక రహస్యమార్గం ఉంది, దాని గుండా పారిపోవడానికి సాక్షాత్తూ చక్రవర్తే వస్తాడు. ఆయనకి గొంతు ఇచ్చింది పాట్రిక్ స్టూవర్ట్. కాసేపటికే హంతకులు ఆయన్ని చంపేస్తారు. చనిపోయే ముందు ఆయన ఒక హారాన్ని మీ చేతిలో పెడతాడు, దాన్ని వారసుడికి చేర్చాలి. మురుగు కాలవల్లోంచి బయటికొస్తారు. ఎదురుగా సరస్సు, అవతల కొండలు, ఒక శిథిలం. అక్కడి నుంచి ఎటైనా వెళ్ళొచ్చు, హారం సంగతి ఏళ్ళ తరబడి మర్చిపోవచ్చు కూడా. ఈ స్వేచ్ఛే 2006లో మా తరాన్ని పడేసింది.

రీమాస్టర్‌లో ఆ సరస్సు మెరిసిపోతోంది. అన్‌రియల్ ఇంజిన్ 5 మహిమ. కానీ కింద నడుస్తున్నది పాత ఇంజినే. తయారుచేసినవాళ్ళే పాత ఇంజిన్ని మెదడుతోనూ కొత్తదాన్ని శరీరంతోనూ పోల్చారు. మనకి తెలిసిన పోలిక ఇంకోటుంది. 1957 నాటి 'మాయాబజార్'కి 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు కదా, అలాంటిది. ఘటోత్కచుడు వేసే అడుగు మారదు, పట్టుబట్ట రంగు కనిపిస్తుంది. ఆబ్లివియన్‌లో కూడా మనుషులు మాటల మధ్యలో చటుక్కున మూడ్ మార్చేస్తారు. ఒక పాత్రకి గొంతిచ్చిన నటి డైలాగ్ తప్పుపోయి, ఆగి, ఇంకోసారి చెప్తానని అన్న మాట 2006లో పొరపాటున ఆటలో ఉండిపోయింది. ఈసారి దాన్ని కావాలనే ఉంచారు. ఆ గౌరవం నాకు నచ్చింది.

అయితే మెదడు పాతదే అనడానికి నాకు దొరికిన రుజువు వేరే. పన్నెండో రాత్రి ఆ మీట నొక్కి, పదహారేళ్ళ కిందట కొట్టిన మూడక్షరాలే మళ్ళీ కొట్టాను. పనిచేశాయి. నగిషీల కింద ఆ పాత ప్రాణి ఇంకా మెలకువగానే ఉంది. పిలిస్తే పలికింది.

*

ఎందుకు నొక్కానో చెప్పాలి. మా పాప నిద్రపోయేసరికి రాత్రి పదిన్నర. పొద్దున తొమ్మిదికి ఆఫీస్ కాల్. మధ్యలో నాకు దొరికేది గంటన్నర. ఆ రోజు నాలుగో గేటులో ఉన్నాను. గేట్లలోపలి ప్రపంచాల్ని కొన్ని నమూనాలే తిప్పి తిప్పి వాడారు. అదే లావా, అవే వంతెనలు, అదే ఎర్ర ఆకాశం. బురుజు సగం ఎక్కాక చచ్చిపోయాను. మళ్ళీ మొదట్నించి. మళ్ళీ సగంలో చచ్చిపోయాను. గడియారం పదకొండూ యాభై చూపిస్తోంది. పదిహేనేళ్ళవాడికి వేసవి సెలవులు రెండు నెలలుంటాయి. ముప్ఫయ్యొకటేళ్ళవాడికి నలభై నిమిషాలుంటాయి.

మీట నొక్కాను. ఒక తేడా కనిపించింది. పాత ఆట ఏమీ అడిగేది కాదు. కొత్తది మాత్రం హెచ్చరించింది: కన్సోల్ కమాండ్లు వాడితే అచీవ్‌మెంట్లు ఆగిపోతాయి, సరేనా?

అచీవ్‌మెంట్లంటే ఫలానాది సాధించావని ఆట ఇచ్చే బిళ్ళలు. స్నేహితుల జాబితాలో ఉన్న ఎవరైనా వాటిని చూడొచ్చు. 2009లో నేను చీట్ కొడుతుంటే చూసే సాక్షి ఎవరూ లేరు, గోడ మీది బల్లి తప్ప. ఇప్పుడు ఆటే సాక్షి. తప్పు చేస్తున్నావని అనలేదు. నీ సరదా నీది, కానీ నేను సర్టిఫికెట్ ఇవ్వను అంది. ఆలోచిస్తే అది చాలా న్యాయమైన మాట. ఆడుకోవడం వేరు, ఆడానని చెప్పుకోవడం వేరు. నేను పదిహేనో ఏట కలిపేసిన రెండు విషయాల్ని ఆ చిన్న పెట్టె విడదీసి చూపించింది.

సరే అన్నాను.

(ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ లాంటి యంత్రాల్ని కన్సోళ్ళు అంటాం. ఈ ఆటలో కన్సోల్ అనే కిటికీ కంప్యూటర్ మీద ఆడేవాళ్ళకే ఉంది, కన్సోళ్ళ వాళ్ళకి లేదు.)

*

చీటింగ్ అంటే ఏమిటో తేల్చకుండా దాన్ని తిట్టడం సులువు. తేల్చబోతే చిక్కొస్తుంది.

అన్నయ్య సంగతే తీసుకోండి. పాత ఆబ్లివియన్‌లో ఒక లెవెల్ పెరగాలంటే మనం ఎంచుకున్న ముఖ్యమైన నైపుణ్యాల్లో మొత్తం పది మెట్లు ఎక్కి, వెళ్ళి మంచం మీద నిద్రపోవాలి. లేచాక బలం, వేగం లాంటి గుణాలు పెరుగుతాయి. ఎంత పెరుగుతాయన్నది ఆ గుణానికి సంబంధించిన నైపుణ్యాల్ని ఈలోపు ఎంత వాడామన్నదాని మీద ఉంటుంది. సరిగ్గా లెక్కేసుకుంటే ఐదు పెరుగుతుంది, లేకపోతే ఒకటో రెండో. దీనికి తోడు మనం పెరిగేకొద్దీ శత్రువులూ పెరుగుతారు. లెక్క తప్పితే మనం పేరుకి పెద్దవాళ్ళం అవుతూ నిజానికి బలహీనపడతాం. పై లెవెళ్ళకి చేరాక, దారిదోపిడీ దొంగ రాజులకి కూడా దొరకని కవచం తొడుక్కుని వచ్చి, వంద నాణేలిమ్మని బెదిరిస్తాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడు జీవితాంతం కూర్చుని తినొచ్చు.

అన్నయ్య దీనికోసం ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాడు. నిలువు గీతలు గీసి, ఏ నైపుణ్యం ఎన్నిసార్లు పెరిగిందో లెక్క రాసేవాడు. గెంతితే గెంతే నైపుణ్యం పెరుగుతుందని ఊరి నుంచి ఊరికి గెంతుకుంటూ పోయేవాడు. చప్పుడు కాకుండా నడిచే నైపుణ్యం పెరగాలంటే దగ్గర్లో మనుషులుండగా నక్కి నక్కి నడవాలి. అందుకని తన పాత్రని ఒక గదిలో గోడకేసి నిలబెట్టి, దానంతటదే నడిచే మీట నొక్కేసి, భోజనానికి వెళ్ళిపోయేవాడు. ఇక్కడ వీడు పెరుగన్నం తింటుంటే అక్కడ వాడు గోడని గుద్దుకుంటూ దొంగగా రాటుదేలేవాడు.

అన్నయ్య ఒక్క చీట్ కూడా వాడలేదు. ఆటలోని ప్రతి నియమాన్నీ పాటించాడు. కానీ అది ఆడటమేనా? గుమాస్తా పని కాదూ?

ఆటే స్వయంగా ఇచ్చే దొంగదారులూ ఉన్నాయి. నాక్టర్నల్ అనే దేవత కోరిన పని చేసిపెడితే ఎన్నటికీ విరగని తాళంచెవి ఇస్తుంది. దాన్ని చేతిలో పెట్టుకుంటే దేశంలోని తాళాలన్నీ దండగ. చమీలియన్ అనే మాయని ఒక్కో బట్టకీ కొంత కొంత ఎక్కించుకుంటూ మొత్తం వంద శాతానికి చేరిస్తే మిమ్మల్ని ఎవ్వరూ చూడలేరు. కత్తితో పొడుస్తున్నా, ఎవరు పొడుస్తున్నారో తెలియక దిక్కులు చూస్తారు. దీనికీ మూడక్షరాల టీజీఎంకీ ఫలితంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా అక్కడికి ఎలా చేరామన్న దాంట్లో ఉంది. చమీలియన్ దుస్తులు కుట్టుకోవాలంటే ఆట లోపలి లోకాన్ని అర్థం చేసుకోవాలి, ఆత్మలు నింపిన రాళ్ళు సంపాదించాలి, మంత్రాలు ఎక్కించే చోటు తెలుసుకోవాలి. మూడక్షరాలకి ఏమీ తెలియక్కర్లేదు.

'పాతాళభైరవి' గుర్తుచేసుకోండి. తోట రాముడికి కావలసినవన్నీ ఇచ్చే బొమ్మ దొరుకుతుంది. మేడ కావాలంటే మేడ, ధనం కావాలంటే ధనం. కన్సోల్ కిటికీ అంటే అదే. అయితే రాముడు ఆ బొమ్మని సంపాదించడానికి మాంత్రికుడి వెంట గుహలోకి వెళ్ళాడు, తనని బలివ్వాలనుకున్నవాణ్ణే బలిచ్చాడు. ఆ సినిమాలో మనకి గుర్తుండేది గుహే. క్షణంలో లేచిన మేడ ఎలా ఉందో ఎంతమందికి గుర్తుంది? పైగా ఒక్క కోరికతో వచ్చిన మేడ, బొమ్మ చేతులు మారగానే ఇంకొక్క కోరికతో పోతుంది. అప్పుడు రాముడు మళ్ళీ అన్నీ పోగొట్టుకున్నవాడిగా బయలుదేరాలి. కె.వి.రెడ్డికి బాగా తెలుసు, నాయకుడి చేతిలో బొమ్మ ఉన్నంతసేపూ కథ నడవదని.

*

ఇంతవరకూ చీట్లు వద్దనే వాదనే చేశాను. అయితే పన్నెండో రాత్రి తర్వాత ఇంకో రెండు వారాలు చావులేనివాడిగా తిరిగాను. అప్పుడు ఇంకోటి అర్థమైంది. చీట్ ఒక గీటురాయి. ఆటలో ఏది కష్టం మీద నిలబడిందో, ఏది రచన మీద నిలబడిందో అది విడగొట్టి చూపిస్తుంది.

స్కిన్‌గ్రాడ్ అనే ఊళ్ళో గ్లార్థిర్ అని ఒకడుంటాడు. ఊరివాళ్ళు తన మీద కుట్ర చేస్తున్నారని వాడి అనుమానం. వాళ్ళ మీద నిఘా పెట్టమని మీకు డబ్బిస్తాడు. మీరు రోజంతా ఒకావిడ వెనకాల తిరుగుతారు. ఆవిడ ద్రాక్షతోటలో పనిచేసి ఇంటికెళ్ళిపోతుంది. సాయంత్రం వచ్చి గ్లార్థిర్‌కి ఏం చెప్తారు? ఏమీ లేదని నిజం చెప్పొచ్చు. కుట్ర ఉందని వాడి పిచ్చిని ఎగదోయొచ్చు కూడా. ఆ మాట ఎంత దూరం పోతుందో మీకు ముందు తెలియదు. ఇక్కడ టీజీఎం దేనికి పనికొస్తుంది? మీ ప్రాణానికి వచ్చిన ప్రమాదమేమీ లేదు. ప్రమాదమంతా మీరు చెప్పబోయే మాటలో ఉంది. దానికి కన్సోల్లో కమాండ్ లేదు.

అదే ఊళ్ళో ఒక భవంతిలో, హంతకుల ముఠా పంపిన అతిథిగా మీరు అడుగుపెడతారు. లోపల ఐదుగురున్నారు, నిధి కోసం వచ్చామనుకుంటున్నారు. మీ పని వాళ్ళని ఒక్కొక్కరినీ ఎవరి కంటా పడకుండా చంపడం. ఒకరు పోగానే మిగిలినవాళ్ళు ఒకరినొకరు అనుమానించుకుంటారు. మీ దగ్గరకొచ్చి, నువ్వు మంచివాడిలా ఉన్నావంటూ గోడు వెళ్ళబోసుకుంటారు. చావులేని నేను అక్కడ ఎవర్నైనా ఒక్క వేటుతో నరికేయొచ్చు. కానీ భయం పుట్టించింది వాళ్ళ కత్తులు కాదు, వాళ్ళ నమ్మకం. 2009లో ఎంత ఇబ్బందిపడ్డానో ఇప్పుడూ అంతే ఇబ్బందిపడ్డాను.

అదే గీటురాయి మీద గేట్లని గీసి చూడండి. మొదటి గేటు, క్వాచ్ ఊరి ముందుది, చావు భయం ఉన్నప్పుడు గుండెలు అదరగొడుతుంది. ఊరు కాలిపోయి ఉంటుంది, మిగిలినవాళ్ళు కొండ కింద గుడారాల్లో ఉంటారు, పైన ఆకాశం నెత్తుటి రంగులో ఉంటుంది. టీజీఎం కొట్టాక అదే ఆకాశం నాటకంలో వెనక కట్టిన పరదా. తర్వాతి గేట్లకి ఆ పరదా కూడా కొత్తది కాదు. భయం తీసేస్తే మిగిలేది నడక, నడక, మెట్లు. అంటే ఆటకి పేరు తెచ్చిన భాగమే ఆటలో అన్నిటికంటే పేదది. వెలుగునీడల మీద అంత ఖర్చుపెట్టిన రీమాస్టర్ ఈ నమూనాల్ని మాత్రం ముట్టుకోలేదు. లెవెల్ పెరిగే లెక్కని మార్చారు. ఇప్పుడు ప్రతి లెవెల్‌కీ పన్నెండు పాయింట్లిచ్చి నచ్చిన గుణాలకి పంచుకోమంటారు. అన్నయ్య నోట్‌బుక్కు ఇక అక్కర్లేదు. పరిగెత్తడం కూడా కొత్తగా పెట్టారు. అంటే మార్చదలచుకున్నవి మార్చారు. గేట్ల దగ్గర చెయ్యి ఆగింది.

పాఠకుడు పేజీలు తిప్పేస్తుంటే ముందు అడగాల్సింది అతని ఓపిక గురించి కాదు, ఆ పేజీల గురించి. నేను ఏ గేటులో మీట నొక్కానో అక్కడ ఆట రాసినవాళ్ళు కూడా ఓపిక కోల్పోయారని నా అనుమానం.

ఇంకో కమాండ్ గురించీ చెప్పాలి. టీసీఎల్. అది కొడితే గోడలు అడ్డు రావు, గాల్లో నడవొచ్చు. దాంతో ఒక ఇంటి గోడలోంచి లోపలికి వెళ్ళాను. లోపల ఏమీ లేదు. ఈ ఆటలో ఇంటి బయటి రూపం ఒకచోట, లోపలి గదులు వేరొకచోట ఉంటాయి. తలుపు తీస్తే మనల్ని అక్కడికి పంపిస్తారు. బయట కనిపించే ఇల్లు ఉత్త డొల్ల. రామోజీ ఫిల్మ్ సిటీలో విమానాశ్రయం బోర్డు చూసి వెనక్కి వెళ్తే వెదురు కర్రలు కనిపించినట్టు. మొదట నవ్వొచ్చింది. తర్వాత తలుపు దగ్గరికి వచ్చి, మామూలుగా తీసుకుని లోపలికెళ్ళాను. పొయ్యి మండుతోంది, బల్ల మీద రొట్టె ఉంది, ఇంటావిడ నన్ను చూసి ఎవరు నువ్వంది. డొల్ల అని తెలిశాక కూడా ఆ గది నాకు గదిగానే అనిపించింది. సెట్టు సెట్టేనని తెలిసి కూడా సినిమాలో ఏడుస్తాం కదా.

*

నీ ఆట నీ ఇష్టం, ఇంత ఆలోచన ఎందుకు అనేవాళ్ళుంటారు. ఒంటరిగా ఆడే ఆటలో చీట్ వల్ల ఎవరికీ నష్టం లేదన్నది నిజమే. పదిమందితో పోటీపడే ఆటలో అదే పని చేస్తే దొంగతనం, ఎదుటివాడి సాయంత్రాన్ని కాజేయడం. చేతులు సహకరించనివాళ్ళకీ, చూపు మందగించినవాళ్ళకీ, నాలా నలభై నిమిషాలవాళ్ళకీ ఆ మీట ఒక ర్యాంపు లాంటిది. మెట్లెక్కగలిగినవాళ్ళు ర్యాంపుని చూసి మూతి విరవనక్కర్లేదు.

ఇంకో విషయం కూడా ఆ మీట పక్షానే మాట్లాడుతుంది. అది ఉచితం. 2006 ఏప్రిల్‌లో ఇదే ఆటకి గుర్రపు కవచాన్ని రెండున్నర డాలర్లకి అమ్మకానికి పెడితే ఆడేవాళ్ళంతా గొడవ చేశారు, ఇప్పటికీ ఆ జోకు నడుస్తూనే ఉంది. ఈ మధ్య కొన్ని ఆటల్లో, డబ్బు కడితే తొందరగా పెరిగే సరుకుని టైమ్ సేవర్ అనే ముద్దుపేరుతో దుకాణంలో పెడుతున్నారు. ముందు దారిని సాగదీసి, తర్వాత అడ్డదారికి టికెట్ అమ్మడం అన్నమాట. దాని ముందు ఎవరైనా నొక్కగలిగే ఒక మీటని ఆటలో ఉంచేయడం పెద్దమనిషితనమే. కన్సోల్లో బంగారం కోరుకోవాలంటే దాని గుర్తు ఒక ఎఫ్ అక్షరం, ముందు వరసగా సున్నాలు. తాళాలు తీసే పుల్లలకి ఏ అక్షరం. ఆ లోకంలో సంపద అంతా ఒక పద్దు పుస్తకంలో వరస నంబర్లేనని ఆ కిటికీ ఏ దాపరికమూ లేకుండా చెప్పేస్తుంది.

కాబట్టి నేను చీట్ చేసినందుకు ఇప్పుడు సిగ్గుపడటం లేదు. సిగ్గుపడాల్సింది ఇడ్లీల దగ్గర చెప్పిన 'నలభై' గురించి. చీట్ అబద్ధం కాదు, కన్సోల్ ఎక్కడా అబద్ధం చెప్పదు. నువ్వు చావవని అడిగితే చావవంటుంది, అంతే. నువ్వు గెలిచావని అనదు. ఆ మాట కలిపింది నేను.

*

రీమాస్టర్ పూర్తిచేసిన రాత్రి గణాంకాల పేజీ తెరిచాను. పాత ఆటలోనూ ఉండేది గానీ నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఎన్ని రోజులు గడిచాయి, ఎన్ని రోజులు జైల్లో ఉన్నావు, ఎన్ని గుర్రాలు దొంగిలించావు, ఇలా ఒక చిట్టా. అందులో ఒక వరస, మూసిన గేట్లు. నా అంకె పదకొండు. మూడు నిజంగా మూశాను. మిగిలిన ఎనిమిదీ టీజీఎంతో. చిట్టాకి ఆ తేడా తెలియదు. అది మూశావా లేదా అన్నదే రాసుకుంటుంది.

అప్పుడు తట్టింది. 2009లో కూడా ఈ పేజీ అదే కంప్యూటర్లో ఉంది. అన్నయ్య దాన్ని రోజూ చూసేవాడు, నోట్‌బుక్కు పెట్టుకున్నవాడు చూడకుండా ఉంటాడా.

ఆదివారం ఫోన్ చేశాను. అన్నయ్య ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాడు. పండగలకి తప్ప మాట్లాడుకోవడం తగ్గింది. కుశలప్రశ్నలయ్యాక విషయం చెప్పాను. నలభై కాదన్నయ్యా, ఆరు. అవి కూడా చీట్‌తో.

అవతల కాసేపు చప్పుడు లేదు. మర్చిపోయి ఉంటాడనుకున్నాను.

"తెలుసురా" అన్నాడు. "ఆ రోజే నీ సేవ్ లోడ్ చేసి చూశా. ఆరని ఉంది."

"మరి అడగలేదే?"

"ఏమడుగుతాం? నాకప్పుడు పన్నెండే అయ్యాయి. నువ్వు నలభై అన్నావని పంతంగా ఆడా ఆ వారమంతా. తర్వాత చూశా నీ సేవ్."

"ఆ రోజే చూశానన్నావు ఇందాక."

అన్నయ్య నవ్వాడు. "వారం తర్వాత. సరేలే, కొత్తదాంట్లో లెక్కలక్కర్లేదంటగా. నాకూ లింకు పంపు. మెట్లెక్కే ఓపిక లేదు గానీ, ఆ మూడక్షరాలు ఏవో చెప్పు."

చెప్పాను. కానీ ముందు స్కిన్‌గ్రాడ్ వెళ్ళమన్నాను, అక్కడ గ్లార్థిర్ అని ఒకడుంటాడు, వాడికి ఏం చెప్పావో తర్వాత నాకు చెప్పమన్నాను. దానికి ఆ మూడక్షరాలూ అక్కర్లేదు.